హారం సున్నా అయిన చోటల్లా నిలువు గీతేనా? లిమిట్ల మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ విద్యార్థిని. పదో తరగతి దాకా ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్‌కి ఒంగోలు వచ్చి హాస్టల్లో ఉంటూ ఇంగ్లిష్ మీడియంలో చేరింది. సాయంత్రాలు నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. లెక్కలు మాత్రం ఆ అమ్మాయి నోట్సులో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

లెక్కల్లో వెనకబడ్డ పిల్ల కాదు. కారణాంకాలు చకచకా తీస్తుంది, త్రికోణమితి సూత్రాలకి తడుముకోదు. లిమిట్ల చాప్టర్‌లో అభ్యాసాలన్నీ చేసేసింది, జవాబులూ పుస్తకం వెనక ఉన్నవాటితో సరిపోయాయి. ఈ చిక్కు ఎక్కువగా ఇలాంటి పిల్లల్లోనే దాక్కుని ఉంటుంది. లిమిట్లు అసలు రానివాళ్లని మొదటి టెస్టులోనే కనిపెట్టేస్తాం. వచ్చినట్టే కనబడేవాళ్లు డిఫరెన్షియేషన్ అయిపోయి గ్రాఫులు గీయాల్సి వచ్చేదాకా దొరకరు. అప్పటికి వెనక్కి పోవడానికి టైం ఉండదు.

సమస్య

అమ్మాయి చెప్పుకున్నది ఒకటే: "గ్రాఫుల బిట్లన్నీ పోతన్నయ్ సార్, లిమిట్లు మాత్రం వస్తన్నయ్." ఈ రెండో ముక్కని నమ్మకుండా, ఆరు ప్రమేయాలు ఇచ్చి ఒక్కోదానికి ఒకే కాగితం మీద మూడు ప్రశ్నలు అడిగాను. హారం సున్నా అయ్యే చోట లిమిట్ ఎంత, అంటే ఆ చోటికి దగ్గరవుతుంటే విలువ దేనికి దగ్గరవుతోంది? అక్కడ నిలువు అనంతస్పర్శరేఖ (గ్రాఫ్ హద్దు లేకుండా పైకో కిందికో పోతూ దగ్గరయ్యే నిలువు గీత) ఉందా? గ్రాఫ్ ఎలా ఉంటుంది? పుస్తకంలో ఈ మూడు ప్రశ్నలూ మూడు వేరువేరు చోట్ల ఉంటాయి కాబట్టి, ఒకదానికొకటి పడని జవాబులు రాసినా పిల్లలకి తెలియదు. ఒకే కాగితం మీద పెడితే గొడవ బయటపడుతుంది.

మొదటిది (ఎక్స్² − 9)/(ఎక్స్ − 3). లిమిట్ 6 అని రెండు లైన్లలో తేల్చింది. దాని కిందే నిలువు అనంతస్పర్శరేఖ ఎక్స్ = 3 అని రాసింది. "లిమిట్ 6 అన్నావు గదమ్మా, మరి గ్రాఫ్ అక్కడ పైకి ఎట్టా పోద్ది?" అంటే, "కింద సున్నా వచ్చింది గదా సార్, ఇన్ఫినిటీయే" అంది. 6 ఏమైందని అడిగితే, "అది లిమిట్ సార్, ఇది గ్రాఫ్."

రెండోది 1/(ఎక్స్ − 2). ఎక్స్‌కి 0, 1, 3, 4 పెట్టి పట్టిక వేసింది. విలువలు −0.5, −1, 1, 0.5 వచ్చాయి. నాలుగు చుక్కలు పెట్టి వరసగా కలిపేసింది. (1, −1) నుంచి (3, 1)కి స్కేలుతో గీసిన గీత సరిగ్గా (2, 0) గుండా పోయింది. అదే కాగితం మీద ఎక్స్ = 2 దగ్గర చుక్కల గీత నిలువుగా గీసి అనంతస్పర్శరేఖ అని పేరు కూడా రాసింది. గ్రాఫ్ ఆ గీతను దాటుకుని పోతున్నా ఆమెకి ఏమీ అనిపించలేదు. 2 దగ్గర విలువ ఎంత అంటే గ్రాఫ్ చూసి సున్నా అంది. లిమిట్ ఎంత అంటే ఇన్ఫినిటీ అంది. ఏ వైపు నుంచి అంటే బిక్కమొహం వేసింది.

|ఎక్స్|/ఎక్స్‌కి 0 దగ్గర లిమిట్ 1 అని రాసి, అక్కడా నిలువు గీత పెట్టింది. (ఎక్స్² − 4)/(ఎక్స్ − 2)²కి లిమిట్ 1 వచ్చింది. అది ఎక్కడి నుంచి ఊడిపడిందో చూస్తే, హాస్టల్లో సీనియర్లు నేర్పిన లోపిటాల్ సూత్రం. పైనా కిందా విడిగా అవకలనం (డిఫరెన్షియేషన్) చేస్తే 2ఎక్స్ / 2(ఎక్స్ − 2). 2 పెడితే 4/0. కింద సున్నా ఇంకా ఉంది కాబట్టి మళ్లీ అవకలనం చేసింది, 2/2 = 1. 4/0 రాగానే ఆ సూత్రం పని అయిపోయింది. పైనా కిందా రెండూ సున్నా, లేదా రెండూ అనంతం అయితేనే అది చెల్లుతుందన్న షరతు ఎవరూ ఆమెకి చెప్పలేదు, లేదా చెప్పినా ఆమె వినలేదు. (ఎక్స్ + 1)/(ఎక్స్ − 2)కి కూడా అదే సూత్రం వాడి 1 అనేసింది. అక్కడ మొదటి అడుగే 3/0.

ఈ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే సున్నాతో భాగహారానికి ఆమె దగ్గర మూడు జవాబులున్నాయి. కొన్నిచోట్ల సున్నా, కొన్నిచోట్ల హారాన్ని పట్టించుకోకుండా వదిలేయడం, కొన్నిచోట్ల అనంతం. దీనికి ఆమెను తప్పుపట్టడానికి లేదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంఖ్యను సున్నాతో భాగిస్తే ఆ సంఖ్యే మిగులుతుందన్నాడు. మన పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఈ మహావీరాచార్యుడి గణితాన్నే. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు దానికి ఖహరం అని పేరుపెట్టి అనంతం అన్నాడు. ముగ్గురు ఉద్దండులకి మూడు జవాబులు వచ్చాయంటే, ప్రశ్నలోనే ఏదో లోపముందని అర్థం. 'సున్నాతో భాగిస్తే ఎంత' అని అడగడం మానేసి 'సున్నా దగ్గరికి పోతుంటే ఏమవుతోంది' అని అడగడమే లిమిట్.

రోగ నిర్ధారణ లాంటిది చేయాలంటే ఇది: ఆమె తలలో రెండు నియమాలు రెండు గదుల్లో ఉన్నాయి. 'లిమిట్' అన్న మాట కనబడితే పైనా కిందా ఉన్న ఒకే కారణాంకం కొట్టివేత. 'అనంతస్పర్శరేఖ' అన్న మాట కనబడితే హారం = 0. రెండో ప్రశ్నకి జవాబు మొదటి ప్రశ్నలోనే ఉందని ఆమెకి ఎక్కడా తగల్లేదు. హారం సున్నా అవడం అంటే 'ఇక్కడ ఆగి చూడు' అని మాత్రమే. అక్కడ ఏముందో చెప్పేది లిమిట్.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

ముందు అందరూ చేసేదే చేశాం. 'మొదట కారణాంకాలు తీసి కొట్టివేయి, ఆ తర్వాతే హారాన్ని సున్నాకి సమానం చెయ్యి' అన్న నియమం ఇచ్చి లెక్కలు చేయించాం. జవాబులు వెంటనే మారాయి. (ఎక్స్ − 2)/(ఎక్స్² − 4)కి 1/(ఎక్స్ + 2) అని రాసి, అనంతస్పర్శరేఖ ఎక్స్ = −2 ఒక్కటే అని కరెక్టుగా చెప్పింది. గ్రాఫ్‌లో మాత్రం 2 దగ్గర ఏ గుర్తూ లేదు. కొట్టేశాక రెండు ప్రమేయాలూ ఒకటే అని ఆమె లెక్క. మొదటిదానికి 2 దగ్గర విలువే లేదు, రెండోదానికి 1/4 ఉంది. ఈ తేడా కొట్టివేతలో మాయమైపోయింది. ఇంకా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, కారణాంకాలు లేని చోట నియమం చేతులెత్తేసింది. |ఎక్స్|/ఎక్స్‌లో కొట్టేయడానికి ఏముంది? లాగ్ ఎక్స్‌లో హారమే లేదు, అయినా సున్నా దగ్గర నిలువు అనంతస్పర్శరేఖ ఉంది. మాట మార్చి అడిగితే పడిపోయే నియమం ఇచ్చి ఉపయోగం లేదని దాన్ని అక్కడితో ఆపేశాం.

తర్వాత ఫోన్‌లో గ్రాఫులు గీసే యాప్. కళ్లతో చూస్తే అర్థమవుతుందని అందరం అనుకుంటాం. ఈ కేసులో అది ఎదురు తిరిగింది. (ఎక్స్² − 9)/(ఎక్స్ − 3) గీయిస్తే తెగని సరళరేఖ వచ్చింది. 3 దగ్గర విలువ లేదు కాబట్టి గీతలో అక్కడ ఒక్క బిందువంత చిల్లు ఉండాలి. ఆ చిల్లుకి వెడల్పు లేదు, తెరమీద చుక్కకి వెడల్పు ఉంది. చిల్లు కనబడే ప్రశ్నే లేదు. 1/(ఎక్స్ − 2)కి ఆమె ఫోన్లో ఉన్న యాప్ కింది కొమ్మని, పై కొమ్మని కలుపుతూ నిలువు గీత గీసింది. యాప్ చేసే పని ఇంతే: కొన్నిచోట్ల విలువలు కట్టి పక్కపక్క చుక్కలని కలుపుతుంది. అంటే పట్టిక వేసి ఈ అమ్మాయి చేసిందే. కొన్ని యాప్‌లు విలువ ఒక్కసారిగా దూకిన చోట కలపకుండా జాగ్రత్తపడతాయి, కొన్ని పడవు. "చూడండి సార్, గ్రాఫ్ కూడా ఆ గీత మీదే ఉండాది" అని ఆమె తన పాత నమ్మకానికి సాక్ష్యం తెచ్చుకుంది. యాప్‌ని పక్కన పెట్టించాం. తర్వాత మళ్లీ వాడాం గానీ, చేత్తో గీసిన గ్రాఫ్‌ని సరిచూసుకోడానికే.

లిమిట్‌కి పుస్తకాల్లో ఉండే కచ్చితమైన ఎప్సిలాన్, డెల్టా నిర్వచనం ఒకసారి బోర్డు మీద పెట్టి చూశాం. ఆమె దాన్ని శ్రద్ధగా రాసుకుంది, అంతే. ఆ నిర్వచనం చేసే పని ఏమిటో తెలియకముందు దాన్ని ఇస్తే పిల్లలకి అది ఇంకో కంఠస్థం.

తిరిగిన చోటు

కొట్టివేతా బొమ్మా రెండూ ఆపి, లవాన్ని, హారాన్ని విడివిడి వరసల్లో కట్టించాం. ఇక్కడ భాగహారం ఆఖరున చేయాలన్నది ముఖ్యం. మామూలుగా వేసే పట్టికలో ఎక్స్, దాని ఎదురుగా జవాబు మాత్రమే ఉంటాయి. అసలు కథ ఆ రెంటి మధ్యలో ఉంది.

(ఎక్స్² − 9)/(ఎక్స్ − 3):
ఎక్స్ 3.1: లవం 0.61, హారం 0.1, భాగఫలం 6.1
ఎక్స్ 3.01: లవం 0.0601, హారం 0.01, భాగఫలం 6.01
ఎక్స్ 3.001: లవం 0.006001, హారం 0.001, భాగఫలం 6.001

(ఎక్స్² − 4)/(ఎక్స్ − 2)²:
ఎక్స్ 2.1: లవం 0.41, హారం 0.01, భాగఫలం 41
ఎక్స్ 2.01: లవం 0.0401, హారం 0.0001, భాగఫలం 401
ఎక్స్ 1.99: లవం −0.0399, హారం 0.0001, భాగఫలం −399

ఏం కనబడుతోందో చెప్పమని పెన్సిల్ ఆమె చేతికిచ్చి ఊరుకున్నాం. మొదటి పట్టికలో ఒక్కో మెట్టు దిగితే పైదీ పదో వంతవుతోంది, కిందదీ పదో వంతవుతోంది. రెండూ సమంగా తగ్గుతున్నాయి కాబట్టి భాగఫలం 6 దగ్గరే కూచుంది. రెండోదాంట్లో పైది పదో వంతు, కిందది నూరో వంతు. కిందది ముందే పరిగెత్తింది, కాబట్టి భాగఫలం పదింతలు పెరుగుతూ పోయింది. "రెండూ సున్నాకే పోతన్నయ్, ఎవరు ముందు పోతారో అదే లెక్క" అని ఆమే అంది. ఆ తర్వాత (ఎక్స్ − 2)²/(ఎక్స్ − 2) ఇస్తే పట్టిక వేయకుండానే సున్నా అని చెప్పింది.

ఎన్నిసార్లు (ఎక్స్ − 2) పైన ఉంది, ఎన్నిసార్లు కింద ఉంది అని లెక్కపెట్టే పద్ధతి ఇక్కడి నుంచి దానంతట అదే వచ్చేసింది. సమానంగా ఉంటే చిల్లు, కింద ఎక్కువుంటే నిలువు అనంతస్పర్శరేఖ, పైన ఎక్కువుంటే చిల్లే, కాకపోతే అది ఎక్స్ అక్షం మీద. మొదటి నియమంలో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. అప్పుడు బయటి నుంచి ఇచ్చిన ఆజ్ఞ, ఇప్పుడు తను కట్టిన అంకెల్లో కనిపించిన సంగతి. నెల తర్వాత కదిపి చూస్తే ఏది నిలుస్తుందో టీచర్లకి చెప్పనక్కర్లేదు.

మిగిలింది గుర్తు సంగతి. 1/(ఎక్స్ − 2)లో 1.9కి −10, 1.99కి −100, 2.01కి 100, 2.1కి 10. అంకెలు చూసింది గానీ గ్రాఫ్ ఒక పక్క పాతాళానికి పోయి, రెండో పక్క ఆకాశంలోంచి దిగుతుందంటే ఆమెకి మనసు ఒప్పలేదు. అంత దూకుడు ఎక్కడైనా ఉంటుందా అని సందేహం. ఇక్కడ పదో తరగతి భౌతికశాస్త్రం ఆదుకుంది.

నాభ్యంతరం 20 సెంటీమీటర్లున్న కుంభాకార కటకం. దూరాలని మాత్రమే తీసుకుని రాస్తే, ప్రతిబింబ దూరం = 20 × వస్తుదూరం / (వస్తుదూరం − 20). సంజ్ఞా సంప్రదాయం ఇక్కడ పెట్టకూడదు, పెడితే రెండు రకాల రుణ గుర్తులు కలిసిపోయి పిల్లలు గల్లంతవుతారు. వచ్చిన దూరం ధనమైతే ప్రతిబింబం కటకానికి అవతల తెరమీద పడుతుంది, రుణమైతే వస్తువు ఉన్న వైపే మిథ్యా ప్రతిబింబం అని ఒక్క మాట చెప్తే చాలు. వస్తువుని 60లో పెడితే 30, 40లో పెడితే 40, 30లో 60, 25లో 100, 22లో 220, 21లో 420, 20.5లో 820. నాభి దాటి లోపలికి పోగానే 19.5లో −780, 19లో −380, 15లో −60, 10లో −20.

20 దగ్గర ఏమవుతుందో ఆమెకి పదో తరగతి నుంచే తెలుసు: కిరణాలు సమాంతరంగా పోతాయి, ప్రతిబింబం అనంత దూరంలో. లోపలికి జరిపితే ఇటువైపు పెద్దగా నిటారుగా కనబడుతుందనీ తెలుసు. భూతద్దం పని చేసేదే అలా. తెలియందల్లా, ఆ సూత్రమూ ఈ 1/(ఎక్స్ − 2) గ్రాఫూ ఒకే ఆకారమని. (వస్తుదూరం − 20) × (ప్రతిబింబ దూరం − 20) = 400 అని సర్ది రాస్తే అది కళ్లకి కడుతుంది. 60, 30 పెట్టి చూడండి: 40 × 10. 25, 100 పెట్టినా 5 × 80. గ్రాఫ్ చేత్తో గీసింది. రెండు కొమ్మలు విడిగా, మధ్యలో 20 దగ్గర చుక్కల గీత. దాన్ని దాటించి గీత కలపాలని ఈసారి ఆమెకి తోచలేదు. తెరమీద బొమ్మ ఏ దూరంలో పడితే సున్నాలోంచి పోతుందని తనే నవ్వింది.

20 దగ్గర అడ్డంగా ఉండే అనంతస్పర్శరేఖ కూడా ఇందులోనే దొరికింది. వస్తువు 220 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం 22 దగ్గర, ఇంకా దూరం పోతే 20కి ఇంకా దగ్గర. ఎండలో కటకం పట్టి కాగితం కాల్చేది ఆ 20 దగ్గరే. ఈ అడ్డ (క్షితిజ) అనంతస్పర్శరేఖకి విడిగా పాఠం చెప్పాల్సిన పని పడలేదు.

ఇక తిరగేసి అడిగిన ప్రశ్న. ఈ కేసులో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. 'వస్తువు ఎక్కడుంటే ప్రతిబింబం ఎక్కడ' అని కాకుండా, 'ప్రతిబింబం 10 మీటర్లు దాటి పడాలి, వస్తువు ఎక్కడ పెడతావు?' అని అడిగాం. ప్రతిబింబ దూరం 1000 సెంటీమీటర్లు దాటాలంటే 400/(వస్తుదూరం − 20) అనేది 980 దాటాలి. అంటే నాభికి అవతల 0.408 సెంటీమీటర్లు, సుమారు 4 మిల్లీమీటర్ల లోపు. 100 మీటర్లు దాటాలంటే 0.4 మిల్లీమీటర్ల లోపు. ఎంత దూరం అడిగినా అందుకు సరిపడ్డ చోటు 20 పక్కన ఉంటుంది. లిమిట్ అనంతం అంటే ఇంతకు మించి ఏమీ లేదు. బోర్డు మీద ముందు ఎక్కని నిర్వచనం ఇప్పుడు రాసిస్తే, "ఇది ఆ తెర లెక్కే గదా సార్" అని దాటిపోయింది.

'లిమిట్ లేదు', 'లిమిట్ అనంతం', 'గీత ఉంది'

ఈ మూడింటినీ విడదీయడానికి కొంత సమయం పట్టింది. 1/(ఎక్స్ − 2)²కి రెండు వైపులా +∞, కాబట్టి లిమిట్ ∞ అని రాస్తాం. అయినా పరిమితమైన లిమిట్ లేదు. 1/(ఎక్స్ − 2)కి ఎడమ −∞, కుడి +∞, కాబట్టి ఉమ్మడి లిమిట్ లేదు. దాంతో ఆమె "లిమిట్ లేదు గాబట్టి అనంతస్పర్శరేఖ కూడా లేదు" అని రెండో వైపుకి ఒరిగింది. అనంతస్పర్శరేఖకి ఒక్క వైపు అనంతానికి పోయినా చాలు. ఇది నాటడానికి మంచి ఉదాహరణ e పవర్ 1/ఎక్స్ (e అంటే సుమారు 2.718 విలువ గల సంఖ్య). ఎక్స్ 0.1 అయితే e పవర్ 10, ఇరవై రెండు వేలు దాటుతుంది. ఎక్స్ −0.1 అయితే 0.000045. కుడివైపు ఆకాశం, ఎడమవైపు సున్నాలోకి నిదానంగా దిగడం. నిలువు గీత ఉంది, గ్రాఫ్ దాన్ని ఒక పక్కనే అనుసరిస్తుంది.

ఎదురు ఉదాహరణ |ఎక్స్|/ఎక్స్. లిమిట్ లేదు, హారం సున్నా, అయినా నిలువు గీత లేదు. విలువలు −1, 1 తప్ప ఇంకోటి కావు, ఏ వైపూ పైకి పోయేదే లేదు. ఇంకోటి కూడా చెప్పి వదిలేశాం: 1/(ఎక్స్ − 2)కి 2 దగ్గర విలువ 5 అని విడిగా నిర్వచించినా అనంతస్పర్శరేఖ అక్కడే ఉంటుంది. గ్రాఫ్ ఆ గీత మీద ఒక చుక్క పెట్టొచ్చు. గీతని గ్రాఫ్ ఎప్పటికీ తాకదన్న మాటని పరీక్ష ముందు రోజు పిల్లలు బాగా వల్లె వేస్తారు.

పట్టిక కూడా మోసం చేస్తుంది

పట్టిక పద్ధతి బాగా ఎక్కిన పిల్లలకి దాని బలహీనత కూడా అప్పుడే చూపించాలి, లేకపోతే ఒక గుడ్డి నియమం పోయి ఇంకో గుడ్డి నియమం వస్తుంది. సైన్(π/ఎక్స్)కి 0.1, 0.01, 0.001 పెట్టించాం. అన్నిచోట్లా సున్నా. లిమిట్ సున్నా అని రాసేసింది. 0.4 పెట్టమంటే సైన్ 2.5π, అంటే 1. 2/401 పెడితే మళ్లీ 1. సున్నాకి ఎంత దగ్గర పోయినా సున్నాలూ ఒకట్లూ కలిసి వస్తూనే ఉంటాయి. లిమిట్ లేదు, నిలువు గీతా లేదు. పదో వంతుల మెట్లు సరిగ్గా సైన్ సున్నా అయ్యే చోట్లనే తొక్కాయి. అప్పటి నుంచి పట్టికలో ఒకటైనా 0.037 లాంటి, పదో వంతుల మెట్ల మీద పడని అంకె పెట్టమని చెప్పాం.

క్యాలిక్యులేటర్ విషయంలో రెండు జాగ్రత్తలు. (1 − కాస్ ఎక్స్)/ఎక్స్²కి 0.1 దగ్గర 0.49958, 0.01 దగ్గర 0.499996 వస్తాయి, లిమిట్ 1/2. అదే 10⁻⁸ పెడితే కొన్ని ఫోన్లలో సున్నా వస్తుంది. కాస్ విలువ 1కి ఎంత దగ్గరగా ఉందంటే, మిషన్ దాచుకోగలిగిన అంకెల్లో అది 1గానే మిగిలిపోతుంది, తీసివేస్తే సున్నా. దగ్గరికి పోవాలి కదా అని పిల్లలు ఉత్సాహంగా పది సున్నాలు కొట్టేస్తారు. మూడు, నాలుగు మెట్లు చాలు. రెండోది, జవాబు 0.00015 అని వస్తే అది డిగ్రీ మోడ్‌లో ఉందని అర్థం, రేడియన్లకి మార్చాలి.

లాగ్ ఎక్స్ దగ్గర పట్టిక ఇంకో రకంగా చేతులెత్తేసింది. ఆధారం 10 తీసుకుంటే 0.1కి −1, 0.001కి −3, 10⁻⁶కి −6. "మిలియన్ వంతుకి పోయినా ఆరే గదా సార్, ఇన్ఫినిటీ ఎక్కడ?" అంది. న్యాయమైన ప్రశ్న. అంకెలు చూసి ఎవరూ అది ఎక్కడో ఆగదని చెప్పలేరు. తిరగేసిన ప్రశ్నే ఇక్కడా తేల్చింది. −100 కంటే కిందకి పోవాలంటే ఎక్స్ 10⁻¹⁰⁰ కంటే చిన్నదైతే చాలు. −10000 అడిగినా చోటుంది. నెమ్మదిగా పోవడం వేరు, ఆగిపోవడం వేరు. హారమే లేని చోట నిలువు అనంతస్పర్శరేఖని ఆమె మొదటిసారి తనంతట ఒప్పుకుంది ఇక్కడే.

ఇలాంటి కేసు వస్తే

లిమిట్, అనంతస్పర్శరేఖ, గ్రాఫ్, మూడూ ఒకే కాగితం మీద అడగడంతోనే మొదలుపెట్టాలి. విడివిడిగా అడిగితే ఈ అమ్మాయి మూడు టెస్టుల్లో పాసయ్యేది. పట్టిక వేయించేటప్పుడు పూర్ణాంకాలు మాత్రమే పెట్టనివ్వొద్దు, అనుమానం ఉన్న చోటుకి రెండు వైపులా కనీసం రెండేసి విలువలు ఉండాలి. లవం, హారం విడిగా రాయాలి. 'అనంతం' అని రాస్తే ప్లస్సా మైనస్సా, ఏ వైపు నుంచి అన్నది రాసేదాకా మార్కు వేయకూడదు. లోపిటాల్ సూత్రం వాడేవాళ్ల చేత ప్రతి మెట్టులోనూ 0/0 లేదా ∞/∞ అని పక్కన రాయించాలి. అది రాయలేని మెట్టులో ఆపేయాలి. ఆ సూత్రం నేర్చుకోవద్దని చెప్పి లాభం లేదు, హాస్టల్లో ఎలాగూ నేర్చేసుకుంటారు.

కటకం అందరికీ పనిచేస్తుందని చెప్పను. భౌతికశాస్త్రం అంటే భయపడే పిల్లలకి అది రెండో భారం అవుతుంది. వాళ్లకి విడివిడి వరసల పట్టిక ఒక్కటే సరిపోవచ్చు. అతిపరావలయం (హైపర్బోలా) పాఠం వచ్చినప్పుడు (వస్తుదూరం − 20)(ప్రతిబింబ దూరం − 20) = 400ని మళ్లీ బయటికి తీస్తే, అక్కడి అనంతస్పర్శరేఖలు ఇవేనని కొందరికైనా తడుతుంది.

చివర్లో ఇచ్చిన ప్రశ్న (ఎక్స్² − 5ఎక్స్ + 6)/(ఎక్స్² − 4ఎక్స్ + 4). (ఎక్స్ − 2) పైన ఒకసారి, కింద రెండుసార్లు, కాబట్టి నిలువు గీత ఉందని ముందే రాసింది. తర్వాత 1.9కి 0.11/0.01 = 11, 2.1కి −0.09/0.01 = −9 కట్టి, ఎడమ +∞, కుడి −∞ అంది. 3 దగ్గర గ్రాఫ్ అక్షాన్ని కోస్తుందని కూడా గుర్తించింది. రెండు కొమ్మలూ విడిగా గీసింది.

ఇంకా తెగనిది ఒకటుంది. 1/(ఎక్స్ − 2) − 4/(ఎక్స్² − 4)కి 2 దగ్గర లిమిట్ అడిగితే, రెండు ముక్కలకీ అక్కడ నిలువు గీత ఉందని సరిగ్గా చెప్పి, కుడివైపు ∞ − ∞ = 0 అని రాసింది. పట్టికలో 2.1కి 10 − 9.7561 = 0.2439, 2.01కి 100 − 99.7506 = 0.2494. ఒకే హారం కిందకి తెస్తే (ఎక్స్ − 2)/(ఎక్స్² − 4), జవాబు 1/4, అక్కడ ఉన్నది చిల్లు. రెండు నిలువు గీతలు ఒకదాన్నొకటి మింగేస్తాయని అంకెల్లో చూసి ఒప్పుకుంది గానీ, కొత్త లెక్క ఇస్తే చెయ్యి మళ్లీ సున్నా వైపే పోతోంది. ఇలాంటి తీసివేత లెక్కలే ఇప్పుడు చేయిస్తున్నాం, అవి కూడా లవం, హారం విడిగా రాయించే.